మా చిన్నోడి ఆస్తమా, మా ఇంటి పరుపులు, అత్తయ్య గారి సాంబ్రాణి

ఎయిర్ ప్యూరిఫైయర్ ఏది మంచిదండీ అని ఈ మధ్య తెలిసినవాళ్ళు తెగ అడుగుతున్నారు, ముఖ్యంగా ఆయాసం ఉన్న పిల్లలున్న వాళ్ళు. అందరికీ నేను చెప్పేది ఒకటే, ముందు పిల్లాడు పడుకునే గది ఒకసారి సరిగ్గా చూడండి, ఇంట్లో ఏం తగలబెడుతున్నారు, వాడు ఏ పరుపు మీద పడుకుంటున్నాడు, గోడ ఎక్కడ చెమ్మ పట్టింది, బొద్దింకలు ఎక్కడ తిరుగుతున్నాయి, ఇవన్నీ అయ్యాక డబ్బులు మిగిలితే అప్పుడు ఆ మెషిన్ సంగతి చూద్దాం అని. ప్యూరిఫైయర్ పనికిరాదని కాదు, గాల్లో తేలే సన్నటి దుమ్మునీ పొగనీ అది బాగానే పడుతుంది, మంచి హెపా ఫిల్టర్ అయితే 0.3 మైక్రాన్ల కణాల్ని కూడా 99.97 శాతం ఆపాలని లెక్క. కానీ పరుపులో ఉన్నదాన్ని అది లాగలేదు కదా, పక్కన అగరబత్తి వెలుగుతుంటే దాన్ని ఆర్పలేదు కదా. కొనేవాళ్ళు గది సైజుకి సరిపోయేది తీసుకోండి, ఓజోన్ వదిలే రకాలు మాత్రం వద్దు, ఆ ఓజోనే ఊపిరితిత్తులకి పడదు.

మా చిన్నోడు ఇప్పుడు రెండో క్లాసు. వాడికి చిన్నప్పటి నుంచీ జలుబు చేస్తే చాలు ఛాతీలో పిల్లికూతలు, తెల్లవారుజామున లేచి కూర్చుని ఒకటే దగ్గు, నవ్వినా దగ్గే పరిగెత్తినా దగ్గే. ఒకరు ప్రైమరీ కాంప్లెక్స్, అంటే పిల్లలకి వచ్చే టీబీ, అన్నారు, ఒకరు ఈస్నోఫిలియా అన్నారు, ఇంకొకరు పెద్దయితే అదే పోతుంది అన్నారు, చివరికి ఒక పిల్లల డాక్టర్ గారు అమ్మా ఇది ఆస్తమానే, ఆ మాట అనడానికి భయపడక్కర్లేదు అని చెప్పి రోజూ వాడే ఇన్‌హేలర్ స్పేసర్‌తో, అంటే మందు సరిగ్గా లోపలికి వెళ్ళడానికి దానికి తగిలించే గొట్టంతో, మొదలుపెట్టించారు. అది వాడుతూనే నేను ఇంట్లో ఈ మార్పులన్నీ చేశాను, ఈ మాట ముందే చెప్తున్నా, ఎందుకంటే దిండు కవర్లు మార్చేశాం కదా ఇంక ఇన్‌హేలర్ ఎందుకు అని ఆపేసేవాళ్ళు మా చుట్టాల్లోనే ఉన్నారు.

ఆ డాక్టర్ గారు చెప్పిన ఒక మాట నాకు బాగా పనికొచ్చింది. ఆస్తమా ఉన్నవాళ్ళ గాలి గొట్టాలు లోపల ఎప్పుడూ కొంచెం వాచే ఉంటాయంట, బయటికి బాగున్నట్టు కనిపించే రోజు కూడా. కాలిన చెయ్యి మీద కారం పడ్డట్టు, మనకి ఏమీ అనిపించని పొగో వాసనో తగలగానే వాళ్ళకి గొట్టాలు బిగుసుకుపోతాయి. వీటిలో రెండు రకాలు. పొగ, ఘాటు, సెంటు వాసనలు లాంటివి ఆస్తమా ఉన్న ఎవరికైనా పడవు, టెస్టులు అక్కర్లేదు, తీసెయ్యడమే. రెండో రకం అలర్జీవి, దుమ్ము పురుగులు, బొద్దింకలు, బూజు, పిల్లి, కుక్క, పుప్పొడి, ఇవి ఒకళ్ళకి పడవు ఇంకొకళ్ళకి ఏమీ కావు. ఈ తేడా తెలీకపోతే ఊరికే డబ్బులు తగలేస్తాం. పక్కింటి వాళ్ళ పాపకి కుక్క పడదని మనం మన కుక్కని ఊళ్ళో వదిలేసి రావడం లాంటివి జరుగుతాయి, నిజంగానే జరిగింది మా వీధిలో, ఆ పిల్లకి తర్వాత టెస్ట్ చేస్తే కుక్క అలర్జీయే లేదు, పాపం కుక్క.

అందుకే మేము చర్మం మీద చేసే ప్రిక్ టెస్ట్ చేయించాం. చేతి మీద వరసగా చుక్కలు పెట్టి చిన్నగా గుచ్చుతారు, పావుగంటలో ఏది దద్దురుగా లేస్తే అది పడదన్నమాట. జలుబుకీ దురదకీ వేసే అలర్జీ మాత్రలు దానికి కొన్ని రోజుల ముందే ఆపాలి, వారం అటూ ఇటూగా, అది డాక్టరే చెప్తారు, లేకపోతే దద్దురు లేవదు టెస్ట్ దండగ. మావాడికి దుమ్ము పురుగులు బాగా లేచాయి, బొద్దింక లేచింది, మిగతావి పెద్దగా ఏమీ లేవు. వేరుశెనగ, గుడ్డు, పాలు, అరటిపండు అని అప్పటిదాకా వాడి నోరు కట్టేసిన లిస్ట్ అంతా ఆ రోజుతో చించేశాం. అరటిపండు తింటే నెమ్ము చేస్తుందని వాడు ఎన్నాళ్ళు తినలేదో, ఆ సాయంత్రమే రెండు చక్కెరకేళీలు లాగించాడు.

దాంతో పాటు ఒక నోట్‌బుక్ పెట్టాను. ఏ రోజు దగ్గాడు, ఆ రోజు ఇంట్లో ఏం జరిగింది, అంతే. పెద్ద సైన్స్ ఏమీ కాదు కానీ కొన్నాళ్ళు రాసి వెనక్కి తిప్పి చూస్తే శుక్రవారం రాత్రుళ్ళు, శనివారం పొద్దుటిపూటలు కనిపిస్తున్నాయి. మా ఇంట్లో శుక్రవారం సాయంత్రం అంటే సాంబ్రాణి.

ఇక్కడి నుంచి అసలు కష్టం మొదలు. పరుపు మార్చమంటే పరుపు ఎదురు చెప్పదు, సాంబ్రాణి మానమంటే అత్తయ్య గారు ఊరుకుంటారా. ఆవిడ చిన్నప్పటి నుంచీ కొబ్బరిపీచు కాల్చి నిప్పులు చేసి దాని మీద సాంబ్రాణి చల్లి గది గదికీ తిప్పడం అలవాటు, తలంటు పోసిన పిల్లాడి జుట్టుకి కూడా ఆ ధూపం పట్టేవారు, జలుబు చెయ్యదని. "మా పిల్లలందరూ ఈ పొగలోనే పెరిగారమ్మా, ఒక్కళ్ళకైనా వచ్చిందా ఆయాసం?" అన్నారు. నేనేమీ అనకుండా ఆ నోట్‌బుక్ ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని పేజీలు తిప్పి "శుక్రవారం... శుక్రవారం... ఇదీ శుక్రవారమేనా" అనుకుంటూ చదివారు. అప్పుడే ఒప్పేసుకోలేదు, రెండు రోజులు ముభావంగా ఉన్నారు. తర్వాత ఆవిడే వచ్చి "దేవుడికి దీపం ఉంటే చాలు, పువ్వులు పెడదాం, ధూపం గుళ్ళో చూసుకుంటాలే" అన్నారు. ఇప్పుడు ఇంట్లో నూనె దీపం ఒకటి, హారతికి చిన్న కర్పూరం బిళ్ళ ఒకటి, అదీ వంటింటి పక్క పూజ గూట్లో కిటికీ తీసి, ఆ కాసేపు వాడు బయటి బాల్కనీలో. అగరబత్తులు పూర్తిగా బంద్. పొగ రాదని అమ్మే కప్ సాంబ్రాణి కూడా పొగే, బొగ్గుపొడీ సెంటూ కలిపి వస్తుంది, దాన్ని వేరేగా చూడక్కర్లేదు.

దోమల కాయిల్ గురించి మాత్రం నేను ఎవరితోనైనా గొడవ పడతాను. 2003లో ఒక పరిశోధన వచ్చింది, ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్న ధూళి, అదే పీఎం 2.5 అంటారే అది, 75 నుంచి 137 సిగరెట్లు కాలిస్తే వచ్చేంత ఉంటుందని. తలుపులన్నీ బిగించుకుని, మంచం కింద కాయిల్ పెట్టుకుని, పక్కన పసిపిల్లల్ని పడుకోబెడతాం మనం. మరి విజయవాడలో దోమలకి ఏం చేస్తారు అంటారా, అది న్యాయమైన ప్రశ్నే, మాది ఏలూరు కాలవకి దగ్గర వీధి, ఆరు దాటితే దోమలు మనల్ని ఎత్తుకెళ్ళిపోతాయి. మేము చేసింది పాత పద్ధతే, కిటికీలకి మెష్ కొట్టించాం, సాయంత్రం ఐదున్నరకే తలుపులు మూసేసి దీపాలు పెట్టే టైం దాటాక మళ్ళీ మెష్ ఉన్న కిటికీలు తీస్తాం, పిల్లాడి మంచానికి దోమతెర. ప్లగ్‌లో పెట్టే లిక్విడ్‌కి పొగ ఉండదు కానీ కొంతమంది పిల్లలకి దాని వాసనకే దగ్గొస్తుంది, మావాడికి వస్తుంది, అందుకే అది హాల్లో వాడు పడుకోబోయే ముందు కాసేపు పెట్టి తీసేస్తాం. దోమల బ్యాట్ మా ఆయన డిపార్ట్‌మెంట్, అందులో ఆయనకి కొంత ఆనందం కూడా ఉంది.

సిగరెట్ గురించి రెండు ముక్కలే. బాల్కనీలో కాల్చి వస్తున్నాను కదా అంటే కుదరదు, బట్టలకీ చేతులకీ పట్టిన పొగ పిల్లాడిని ఎత్తుకోగానే వాడి ముక్కు దగ్గరికే వస్తుంది. మా మావయ్య గారు ఈ వయసులో మానేశారు, మా ఎవరి మాటా వినకుండా ఇన్నేళ్ళు కాల్చిన మనిషి, మనవడు "తాతా నీ దగ్గర వాసన" అని పక్కకి జరిగిన రోజున పెట్టె చెత్తబుట్టలో వేశారు.

ఇప్పుడు పరుపు. దుమ్ము పురుగులు అంటే మనం చూసే చిమ్మటలూ నల్లులూ కాదు, కంటికి కనిపించవు, మిల్లీమీటర్‌లో మూడో వంతు కూడా ఉండవు. కుట్టవు, రక్తం తాగవు. మన ఒంటి మీద నుంచి రాలే చర్మం పొట్టు తిని బతుకుతాయి, నీళ్ళు తాగవు, గాల్లో ఉన్న తేమనే పీల్చుకుంటాయి. అలర్జీ వచ్చేది ముఖ్యంగా వాటి రెట్టల వల్ల. ఎక్కడ మనిషి గంటలు గంటలు పడుకుని చెమట పట్టి వెచ్చగా ఉంచుతాడో అక్కడ వాటికి స్వర్గం, అంటే పరుపు, దిండు, బొంత. మా ఇంట్లో పిల్లాడు పడుకునేది అత్తయ్య గారి పెళ్ళినాటి బూరుగుదూది పరుపు, ఎన్నోసార్లు ఏకించి మళ్ళీ కుట్టించింది, మెత్తగా ఎంతో బాగుండేది, దాని మీద దుప్పటి దులిపితే కిటికీ ఎండలో పొడి పొడిగా మెరుస్తూ లేచేది. దాన్ని పిల్లాడి గదిలోంచి తీసేశాం. పారెయ్యలేదు, పారేస్తే ఇంట్లో ఇంకో యుద్ధం, పెద్దవాళ్ళ గదికి వెళ్ళింది.

వాడికి ఫోమ్ పరుపు వేసి చుట్టూ జిప్ ఉన్న కవర్ వేశాం, సన్న నేత ఉండే రకం, పురుగు రెట్ట కూడా బయటికి రానివ్వనిది. ప్లాస్టిక్ కవర్ చవక కానీ మన ఎండలకి దాని మీద పడుకుంటే పిల్లాడు చెమటలో ఈదుతాడు, గుడ్డ రకమే నయం. దిండుకి కూడా అదే. ఇక్కడ ఒక విషయం, ఒక్క కవర్ కొనేసి ఇంక అయిపోయింది అనుకుంటే పెద్ద తేడా కనిపించదు, ఏదో ఒక్క పని చేసి ఊరుకున్న చోట ఫలితం లేదనే చాలా పరిశోధనల్లో తేలింది. 2004లో అమెరికాలో 7 నగరాల్లో 937 మంది ఆస్తమా పిల్లల మీద చేసిన పెద్ద స్టడీ ఒకటి ఉంది, అందులో ఏ పిల్లకి దేనికి పడదో చూసి ఆ ఇంట్లో దాన్ని బట్టి నాలుగైదు పనులు కలిపి చేశారు, పరుపు కవర్లు, బొద్దింకలు, పొగ అన్నీ, అప్పుడు పిల్లలు ఆయాసపడే రోజులు నిజంగా తగ్గాయి. 2020లో వచ్చిన అమెరికా గైడ్‌లైన్స్ కూడా ఇదే అంటున్నాయి, పడని వాటి మీదే పని చెయ్యండి, కలిపి చెయ్యండి అని. నాకు ఇది చదివాకే మనసు కుదుటపడింది, ఇల్లంతా ఆపరేషన్ థియేటర్ చెయ్యక్కర్లేదు అని.

దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి వేడి నీళ్ళలో. వాషింగ్ మెషిన్‌లో 60 డిగ్రీలు అని ఉంటుంది చూడండి, ఆ వేడికి పురుగులు చస్తాయి, చన్నీళ్ళకి అలర్జీ సరుకు కొంత కొట్టుకుపోతుంది కానీ అవి చావవు. మెషిన్‌లో వేడి లేకపోతే గీజర్ నీళ్ళు సరిపోవు, బాగా కాచిన నీళ్ళలో నానబెట్టి ఉతికితే సరి. మనకి ఉన్న ఇంకో మందు ఎండ. వేసవిలో విజయవాడ డాబా మీద పరుపు మధ్యాహ్నం అంతా పడేసి రెండు వైపులా తిప్పితే ఆ వేడికీ ఆ పొడికీ తట్టుకోలేవు, కాకపోతే చచ్చిన పురుగులూ రెట్టలూ అందులోనే ఉంటాయి కాబట్టి దులపాలి, అది డాబా మీదే, మూతికి గుడ్డ కట్టుకుని, పిల్లాడు కింద ఇంట్లో ఉండగా. వాడికి ఇష్టమైన ఎలుగుబంటి బొమ్మ ఒకటి ఉంది, పేరు కూడా పెట్టాడు, దాన్ని తీసేస్తే ఇల్లు ఎగిరిపోతుంది, అందుకని కవర్లో కట్టి ఒక రోజంతా డీప్ ఫ్రీజర్‌లో పెట్టి తర్వాత ఉతుకుతాను. ఐస్ కోసం ఫ్రిజ్ తీసిన మా ఆడపడుచు బఠాణీల పక్కన ఎలుగుబంటి మొహం చూసి కెవ్వుమంది.

తేమ సంగతి మాత్రం నిజం చెప్పాలి. గాల్లో తేమ 50 శాతం లోపు ఉంటే ఈ పురుగులు బతకలేవు అని ఎక్కడ చూసినా రాస్తారు. సరే, కోస్తాలో జులై నుంచి నవంబర్ దాకా అది ఎక్కడ కుదురుతుంది చెప్పండి. చిన్న తేమ మీటర్ ఒకటి కొని గోడకి పెట్టాను, వానాకాలం అది 80 చూపిస్తూ నన్ను వెక్కిరిస్తూ ఉంటుంది. ఏసీ డ్రై మోడ్‌లో పెట్టినప్పుడు కొంత దిగుతుంది, ఏసీ ఫిల్టర్ మాత్రం రెండు మూడు వారాలకోసారి కడగాల్సిందే, కడగని ఏసీ కంటే ఫ్యానే నయం. కూలర్ అయితే అసలు వద్దు, తడి గాలిని గదిలోకి తోస్తుంది, ఆ గడ్డి ప్యాడ్‌లు కంపు కొట్టడం మొదలైతే అది బూజే. తడి బట్టలు పడకగదిలో ఆరేసే అలవాటు వానాకాలంలో అందరికీ ఉంటుంది, ఫ్యాన్ కింద తాళ్ళు కట్టి, వాటిని హాల్లోకి మార్చాం.

మా బీరువా వెనక గోడకి చెమ్మ. పైవాళ్ళ బాత్‌రూమ్ పైపు లోపల్నుంచి కారి నల్లటి చుక్కలు చుక్కలుగా బూజు పట్టింది, మట్టి వాసన. ఓనర్ గారికి చెప్తే రంగు వేయిస్తానన్నారు. రంగు వేస్తే పైకి కనిపించదు అంతే, నీళ్ళు ఆపకుండా ఎన్ని రంగులు వేసినా మళ్ళీ అదే చోట వస్తుంది. ఆయనకీ పైవాళ్ళకీ మధ్య తిరిగి తిరిగి చివరికి పైపు బాగు చేయించాక, సబ్బునీళ్ళతో రుద్ది బాగా ఆరబెట్టి, బీరువాని గోడకి జానెడు ఎడంగా జరిపాం గాలాడేలా. రంగు వేసిన రోజుల్లో పిల్లాడిని మా అమ్మ వాళ్ళింటికి పంపించాను, ఆ పెయింట్ వాసన కూడా వాడికి పడదు.

ఇల్లు ఊడ్చే పద్ధతి మార్చడం చిన్న విషయంలా ఉంటుంది కానీ కాదు. మా పనావిడ చీపురుతో ఊడ్చే ఊపు చూస్తే హాలంతా మబ్బు కమ్మినట్టు అయ్యేది, పైగా అది వాడు స్కూల్‌కి తయారయ్యే టైం. ఇప్పుడు వాడు బస్సెక్కాకే ఊడ్పు, ముందు గచ్చు మీద కాస్త తడి గుడ్డ తిప్పి తర్వాత ఊడుస్తుంది, ఫ్యాన్ ఆపి. ఫ్యాన్ రెక్కలు, కర్టెన్ రాడ్‌లు, మంచం కింద, పుస్తకాల అర, వీటికి పొడి బ్రష్ కాకుండా తడి గుడ్డే. మందపాటి కర్టెన్లు తీసేసి ఉతికితే గంటలో ఆరే పల్చటివి వేశాం, పిల్లాడి గదిలో కార్పెట్ లేదు. సంక్రాంతికి ముందు బూజులు దులిపే రోజున వాడు ఇంట్లో ఉండడు, ఇది రూల్. భోగి మంట కూడా మా వీధిలో ఇప్పుడు కర్రలూ పిడకలతో ఎవరు వేస్తున్నారు, టైర్లూ పాత ప్లాస్టిక్ కుర్చీలూ వేస్తున్నారు, అది భోగి కాదు చెత్త తగలెయ్యడం, ఆ పొద్దున్న కిటికీలు మూసుకుని లోపలే ఉంటాం. దీపావళికి ఒక్క పాము బిళ్ళలు మాత్రం ముట్టుకోనివ్వను, చిన్నగా ఉంటుంది కదా చప్పుడు లేదు కదా అని చంటి పిల్లల చేతికి ఇస్తారు, పుణెలో చెస్ట్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్ళు టపాసుల పొగ కొలిచినప్పుడు అన్నిటికంటే ఎక్కువ సన్న ధూళి వదిలింది అదే.

బొద్దింకలకి స్ప్రే కొట్టడం అంటే బొద్దింక చచ్చేలోపు పిల్లాడికి ఆయాసం తెప్పించడం. వాటి రెట్టలూ ఉమ్మూ విరిగిన కాళ్ళూ రెక్కలూ ఎండి పొడై గాల్లో కలుస్తాయి, అలర్జీ దానికి. మేము జెల్ వాడుతున్నాం, ట్యూబ్‌లో వస్తుంది, సింక్ కింద, గ్యాస్ బండ వెనక, ఫ్రిజ్ కింద, తలుపు కీళ్ళ దగ్గర కందిగింజంత చుక్కలు పెడితే అవి తిని వెళ్ళి వాటి స్థావరంలో చస్తాయి. జెల్ పెట్టిన చోట మళ్ళీ స్ప్రే కొట్టకూడదు, ఆ వాసనకి అవి అటు రావు. దాని కంటే ముఖ్యం రాత్రిపూట వాటికి తిండీ నీళ్ళూ దొరక్కుండా చెయ్యడం, ఎంగిలి కంచాలు పొద్దుటికి ఉంచకుండా, చెత్తబుట్టకి మూత పెట్టి, కారే కుళాయి బాగు చేయించి, సింక్ పైపు గోడలోకి వెళ్ళే కంత సిమెంట్‌తో మూసేసి. అటక మీద దాచిన అట్టపెట్టెలన్నీ పాతసామాన్ల వాడికి వేశాం, టీవీ పెట్టె, మిక్సీ పెట్టె, వారంటీ ఉందని దాచినవి, వారంటీలు ఎప్పుడో అయిపోయాయి, లోపల బొద్దింకల కాలనీ మాత్రం కళకళలాడుతోంది.

బాత్‌రూమ్‌లో ఒక ప్రమాదం ఉంది, ఆస్తమా ఉన్నా లేకపోయినా తెలుసుకోవాల్సింది. యాసిడ్ పోసి దాని మీదే బ్లీచింగ్ పౌడర్ చల్లితే బాగా తెల్లబడుతుందని చాలామంది చేస్తారు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, మూసిన బాత్‌రూమ్‌లో అది మంచి ఆరోగ్యవంతుడినే పడేస్తుంది. టాయిలెట్ క్లీనర్లలో కూడా చాలావాటిలో ఉండేది యాసిడే. ఏదో ఒకటే వాడాలి, తలుపు తీసి, పిల్లలు దూరంగా ఉన్నప్పుడు. మేము మామూలు సబ్బు పొడి, బ్రష్, రెక్కల కష్టంతో కానిచ్చేస్తున్నాం. రూమ్ ఫ్రెషనర్లు, ఘాటు ఫినాయిల్, చీరల మధ్య కలరా ఉండలు, అన్నీ పోయాయి. కలరా ఉండల బదులు పట్టుచీరలు అప్పుడప్పుడు నీడలో ఆరబెట్టుకోవడమే, కొంచెం పని ఎక్కువ.

వంటింట్లో తాలింపు మానమని ఎవరూ అనరు, అంటే నేనే వినను. ఎండుమిర్చి మాడినప్పుడు ఇంట్లో అందరూ దగ్గుతారు, ఆస్తమా ఉన్నవాడు దగ్గి ఆగడు, అంతే తేడా. ఎగ్జాస్ట్ ఫ్యాన్ పొయ్యి వెలిగించక ముందే వేసి, వంట అయ్యాక కూడా కాసేపు ఉంచుతాం, గ్యాస్ మంట నుంచి నైట్రోజన్ డయాక్సైడ్ వస్తుంది, అదీ వాడి గాలి గొట్టాలకి పడదు. చిమ్నీ కొనేవాళ్ళు గొట్టం బయటికి పెట్టేది కొనండి, గొట్టం లేని రకం పీల్చిన గాలిని ఫిల్టర్ గుండా మళ్ళీ వంటింట్లోకే వదులుతుంది, నూనె పడుతుందేమో గానీ గ్యాస్ ఎక్కడికి పోతుంది. ఆవకాయ రోజున కారం ఆవపిండి కలిపే కార్యక్రమం మొత్తం డాబా మీద, చిన్నోడికి ఆ రోజు పక్కింట్లో క్యారమ్స్. ఆవకాయ మాత్రం మానలేదు, మొదటి ముద్ద వాడికే.

మా పెద్దమ్మ ఏటా ఫోన్ చేస్తుంది, మృగశిర కార్తె వస్తోంది, హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కి తీసుకెళ్ళి బత్తిని వాళ్ళ చేపమందు వేయించు అని. కొర్రమీను పిల్ల నోట్లో పసుపుపచ్చ మందు పెట్టి మింగిస్తారు, ఎన్నో రాష్ట్రాల నుంచి జనం వస్తారు, శాకాహారులకి బెల్లంలో ఇస్తారు. పనిచేస్తుందని చూపించిన సరైన పరీక్ష ఏదీ లేదు, పైగా జూన్ మొదట్లో, వానలు మొదలై జలుబులు తిరిగే టైంలో, ఆ తొక్కిసలాటలో, నేను పంపను. పెద్దమ్మకి ఇన్‌హేలర్ అంటే భయం, అలవాటైపోతుంది, ఆఖరి మందు అంటుంది. ఊపిరితిత్తుల్లోకి నేరుగా వెళ్ళేది కాబట్టే అందులో మందు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, మాత్ర రూపంలో అయితే మిల్లీగ్రాముల్లో ఒంటినిండా తిరగాలి, ఈ లెక్క చెప్పినప్పుడు "అవునా" అంటుంది, మళ్ళీ ఏడు మళ్ళీ ఫోన్ చేస్తుంది.

ఇన్ని చేసినా జలుబు చేసినప్పుడు వాడికి వస్తుంది, జలుబుని ఏ కవరూ ఆపలేదు. ఫ్రిజ్ తలుపు మీద డాక్టర్ గారు రాసిచ్చిన కాగితం అంటించి ఉంది, ఎంత గట్టిగా ఊదగలడో చూపించే పీక్ ఫ్లో మీటర్‌లో వాడు బాగున్నప్పుడు వచ్చే రీడింగ్‌లో 80 శాతం పైన ఉంటే మామూలే, 50కీ 80కీ మధ్య అయితే రిలీఫ్ పఫ్‌లు, అంటే గొట్టాల్ని వెంటనే వదులు చేసే వేరే ఇన్‌హేలర్, వేసి కనిపెట్టుకుని ఉండాలి, 50 లోపు అయితే ఆసుపత్రి. మీటర్ లేకపోయినా పిల్లాడు ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోయినా, ఊపిరి తీసేటప్పుడు పక్కటెముకల మధ్య గుంటలు పడుతున్నా, పెదాలు నీలం తిరుగుతున్నా, పఫ్ వేసినా తగ్గకపోయినా ఆగకండి, 108కి చెయ్యండి లేదా ఆటోలో పడేసుకుని వెళ్ళిపోండి. ఈ కాగితం అత్తయ్య గారికీ పనావిడకీ కూడా చదివి వినిపించాను, ఇంట్లో నేనొక్కదాన్నే ఉండను కదా ఎప్పుడూ.

ఇప్పుడు మిగిలిన తలనొప్పి బయటి ఇళ్ళు. వచ్చే నెల తెనాలిలో మా కజిన్ పెళ్ళి, విడిది ఇంట్లో ఎవరి పరుపులో ఎన్నేళ్ళవో, హోమం పొగ, వీడియో వాళ్ళు వేసే ఆ తెల్ల పొగ మెషిన్. రోజువారీ ఇన్‌హేలర్ ఒక్క పూట కూడా తప్పకుండా, స్పేసర్ నా హ్యాండ్‌బ్యాగ్‌లో, తాళి కట్టే టైంలో మేము వెనక వరసలో తలుపు పక్కన, ఇంతవరకు ప్లాన్. వాడి దిండూ దుప్పటీ కూడా పట్టుకెళ్తున్నానని తెలిసి పెద్దమ్మ "మా తెనాల్లో దిండ్లు లేవనుకున్నావే" అని నిష్ఠూరమాడింది. ఉన్నాయి పెద్దమ్మా, బూరుగుదూదివి, అందుకే తెచ్చుకుంటున్నా అన్నాను.